కమాను పట్టీ కత్తి ఒకటి పగిలింది, ఒకటి మడత పడింది: ఏ నూనె కొనాలి?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. ఆటోనగర్‌లో దొరికిన పాత లారీ కమాను పట్టీతో రెండు వంటింటి కత్తులు చేశారు. మొదటిదాన్ని కట్టెబొగ్గుల కొలిమిలో బాగా కాల్చి నీళ్ళలో ముంచితే అంచు దగ్గర పగులు వచ్చింది. రెండోదాన్ని వీడియోల్లో చెప్పినట్టు అయస్కాంతం అంటుకోవడం మానగానే పాత ఇంజన్ ఆయిల్లో ముంచారు. తర్వాత గ్యాస్ స్టవ్ మీద నీలం రంగు వచ్చేదాకా వేడి చేశారు. అది పగల్లేదు గానీ గుమ్మడికాయ కోస్తే అంచు మడత పడుతోంది. చివరికి "ఏ నూనె కొనాలి?" అని అడిగారు.

నూనె గురించి చెబుతాను గానీ, నూనె మారిస్తే మీ సమస్య తీరదు. నీళ్ళు మొదటి కత్తిని పగలగొట్టాయి, నిజమే. అయితే ఆ పగులుకు దారి వేసింది మంటే. రెండోది కూడా నూనె దాకా రాకముందే చెడింది. మీ దగ్గర ఉన్న స్టీల్ ఏమిటి, దాన్ని ఎంత వేడి చేయాలి, ఆ వేడి వచ్చిందని ఎలా తెలుసుకోవాలి, ఈ మూడూ తేలితే సగం పని అయిపోయినట్టే.

కమాను పట్టీ అంటే ఒకే రకం స్టీల్ అని చాలామంది అనుకుంటారు. మన లారీల్లో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి సిలికాన్ ఎక్కువుండే రకం: ఈఎన్-45, 60ఎస్ఐ7 లాంటి గ్రేడ్లు. వీటిలో కార్బన్ సుమారు 0.55 నుంచి 0.65 శాతం, సిలికాన్ దాదాపు 2 శాతం వరకు ఉంటుంది. రెండోది క్రోమియం ఉండే రకం: సప్-9 అనీ, దానికి దగ్గరగా ఉండే అమెరికన్ గ్రేడ్ 5160 అనీ వింటుంటారే, అవి. క్రోమియంతో పాటు వెనేడియం కూడా కలిసిన 50సీఆర్‌వీ4 కూడా ఉంటుంది. ఇవన్నీ నూనెలోనే గట్టిపడేలా తయారైన స్టీళ్ళు. అంచు సన్నగా చేసిన కత్తిని నీళ్ళలో ముంచితే పైపొర ఒక్కసారిగా చల్లబడి బిగుసుకుంటుంది, లోపల ఇంకా వేడిగానే ఉంటుంది. లోపలి భాగం తర్వాత గట్టిపడుతూ వ్యాకోచిస్తే బిగుసుకున్న పైపొర తట్టుకోలేక చీలిపోతుంది. పాత పట్టీ అయితే ఏళ్ళ తరబడి లోడు మోసి కంటికి కనబడని సన్న పగుళ్ళు ముందే పడి ఉండవచ్చు, అది వేరే తలనొప్పి.

ఇప్పుడు అయస్కాంతం సంగతి. ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పే ఈ చిట్కా 1084, 1075 లాంటి సాదా కార్బన్ స్టీళ్ళ కోసం పుట్టింది. వాటిలో అయస్కాంతం వదిలేసే వేడికీ, ముంచాల్సిన వేడికీ మధ్య 40, 50 డిగ్రీల తేడానే. అందుకే "అయస్కాంతం వదిలాక ఇంకొంచెం" అంటే సరిపోతుంది. సిలికాన్ స్టీల్లో అలా కుదరదు. ఇనుము 770 డిగ్రీల దగ్గర ఎలాగూ అయస్కాంత గుణం కోల్పోతుంది. ఆ తర్వాత కూడా లోపల ఫెర్రైట్ అనే మెత్తటి భాగం కరగకుండా మిగిలే ఉంటుంది, ఎందుకంటే సిలికాన్ ఆ మార్పు జరగాల్సిన ఉష్ణోగ్రతను పైకి నెడుతుంది. ఈఎన్-45 రకాన్ని పూర్తిగా ఆస్టెనైట్‌గా (ముంచితే గట్టిపడే స్థితికి) మార్చడానికి 870, 880 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. మీ పట్టీ ఈ రకమైతే, మీరు దాదాపు వంద డిగ్రీల ముందే మంటలోంచి తీసేశారు. సగం మారిన స్టీల్‌ను ఏ నూనెలో ముంచినా సగమే గట్టిపడుతుంది.

అలాగని ఇంకా ఇంకా కాల్చుకుంటూ పోకూడదు, మీ మొదటి కత్తికి జరిగింది అదే అని నా అనుమానం. "బాగా ఎర్రబడేదాకా" అని రాశారు. పగటి వెలుగులో బాగా ఎర్రగా కనిపించిందంటే అప్పటికే నారింజ రంగు దాటి ఉంటుంది, అంటే వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల. ఆ వేడిలో స్టీల్ లోపలి రేణువులు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవైపోతాయి. పెద్ద రేణువున్న స్టీల్ గట్టిపడుతుంది గానీ పెళుసుగా తయారవుతుంది. ఆ పగిలిన కత్తి మీ దగ్గరే ఉందా? ఉంటే పారేయకండి. వైస్‌లో బిగించి, గుడ్డ చుట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని ఒక ముక్క విరవండి. విరిగిన చోట ఎండలో పట్టి చూడండి. మైదా అద్దినట్టు నున్నగా, మసక బూడిద రంగులో ఉంటే రేణువు బాగున్నట్టు. బొంబాయి రవ్వ చల్లినట్టు మిలమిల మెరుస్తుంటే అతిగా కాలిందని అర్థం.

ఈ విరిచి చూసే పరీక్షను నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను. కొత్త పట్టీ తెచ్చిన ప్రతిసారీ ముందు దాని నుంచి అరచేతి పొడవు సన్న పేళ్ళు నాలుగైదు కోసుకోండి. ఒకదాన్ని 800 దగ్గర, ఒకదాన్ని 840 దగ్గర, ఒకదాన్ని 880, ఇంకొకదాన్ని కావాలనే 950 దాటించి నూనెలో ముంచండి. ఒక్కొక్కదాని మీద ఆకురాయి రుద్ది చూసి, తర్వాత విరవండి. ఆకురాయి గాజు మీద జారినట్టు జారి, విరిగిన చోట నున్నగా ఉన్న ముక్క ఏ వేడిలో వచ్చిందో అదే మీ పట్టీకి సరైన వేడి. గ్రేడు పేరు తెలియకపోయినా పని జరుగుతుంది. సాయంత్రం రెండు గంటల పని, పోయేది తుక్కు. ఇది మానేసి నెల రోజులు కష్టపడి అరగదీసిన కత్తి మీద నేరుగా ప్రయోగం చేసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గ్రైండింగ్ వీల్ మీద నిప్పురవ్వలు చూసి గ్రేడు చెప్పేస్తామనే వాళ్ళుంటారు. రవ్వలు ఎక్కువ చీలి పూల్లా విచ్చుకుంటే కార్బన్ ఎక్కువని తెలుస్తుంది, అంతవరకే. సిలికాన్ ఎంత, క్రోమియం ఎంత అనేది కంటితో తేలదు. కచ్చితంగా తెలియాలంటే ల్యాబ్‌లో స్పెక్ట్రో టెస్ట్ (ఏ మూలకం ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించాలి. అంతకంటే సులువు, టూల్ స్టీల్ అమ్మే షాపులో టెస్ట్ సర్టిఫికెట్‌తో కొత్త పట్టీ కొనుక్కోవడం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు 1084 గానీ, 0.75 నుంచి 0.8 శాతం కార్బన్ ఉన్న సీ75, సీ80 లాంటి సాదా స్ట్రిప్ గానీ చెబుతాను. పాత బేరింగ్ రింగులు మాత్రం ఇప్పుడే వద్దు. ఈఎన్-31లో ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం దాకా క్రోమియం ఉంటాయి. దాన్ని 820, 840 మధ్య పది పదిహేను నిమిషాలు కదలకుండా నిలబెట్టాలి, బొగ్గుల మంటలో అది చాలా కష్టం.

వేడి కొలవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. కె టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ), దానికో డిజిటల్ ఇండికేటర్ కొనండి. కొలిమిలో నేరుగా పెడితే గాలి వచ్చే చోట ఒక లెక్క, పక్కన ఇంకో లెక్క చూపిస్తుంది. అందుకని ఒక వైపు మూసి వెల్డ్ చేసిన మూడంగుళాల మామూలు ఇనుప పైపును నిప్పుల మధ్య పడుకోబెట్టండి. కత్తినీ, థర్మోకపుల్ మొననూ ఆ పైపులోపల పెట్టండి. ఇప్పుడు కత్తికి తగిలేది గాలిదెబ్బ కాదు, పైపు గోడల వేడి. మొన నుంచి మడమ దాకా ఒకే రంగు వస్తుంది, పైపొరలో కార్బన్ కాలిపోవడమూ తగ్గుతుంది. జీఐ పైపు మాత్రం వాడొద్దు. దాని మీది జింక్ పూత కాలి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే జ్వరం పడుతుంది.

థర్మోకపుల్ కొనేదాకా ఉప్పుతో ఒక పని చేయవచ్చు. మామూలు ఉప్పు 801 డిగ్రీలకు కరుగుతుంది. పరీక్ష ముక్క మీద నాలుగు గింజలు వేసి పైపులో పెట్టండి. గింజలు కరిగి నీటిబొట్టులా మెరిసిన క్షణాన స్టీల్ రంగు ఎలా ఉందో కళ్ళకు పట్టించుకోండి. సాదా కార్బన్ స్టీల్‌కు దాదాపు అదే ముంచే వేడి. సిలికాన్ రకానికి అక్కణ్ణుంచి ఇంకా చాలా పైకి పోవాలి. ఉప్పును అసలు కత్తి మీద వేయకండి, తుప్పు తినేస్తుంది. రంగు చూడటం ఎప్పుడూ నీడలో, వీలైతే పొద్దుగూకాక. మధ్యాహ్నం ఎండలో 850 డిగ్రీల స్టీల్ కూడా చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది.

మన ఊళ్ళ కమ్మరులు థర్మోమీటర్ లేకుండా, నీళ్ళతోనే కొడవళ్ళు చేస్తున్నారు కదా అని కింద ఒకరు రాశారు. చేస్తున్నారు, బాగా చేస్తున్నారు. వాళ్ళ పద్ధతి వేరు. అంచు వరకే కాల్చి, అంచు వరకే కాసేపు ముంచి తీస్తారు. కొడవలి ఒంట్లో మిగిలిన వేడి అంచులోకి పాకుతుంటే, ఆకురాయితో రుద్దిన చోట రంగు చూసి, కావాల్సిన రంగు రాగానే మొత్తం ముంచేస్తారు. హార్డెనింగ్ (గట్టిపరచడం), టెంపరింగ్ (గట్టిపడ్డాక కాస్త వేడి చేసి పెళుసుదనం తగ్గించడం) రెండూ ఒకే వేడిలో అయిపోతాయి. రోజూ ఒకే రకం ఇనుముతో, ఒకే వస్తువు చేసేవాళ్ళకు కుదిరే విద్య అది. దగ్గర్లో అలాంటి పెద్దాయన ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని చూడండి, రంగు పట్టుకోవడం వీడియోలకంటే అక్కడే బాగా వస్తుంది.

ఇక పని వరుస. పట్టీ సాగగొట్టడం, కోయడం అయ్యాక మెత్తబరచాలంటే ఎర్రగా కాల్చి వరిపొట్టు బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి, అంత నిదానంగా చల్లార్చేది మన దగ్గర ఇంకోటి లేదు. పిడి రివెట్ల రంధ్రాలు ఇప్పుడే వేసుకోవాలి, గట్టిపడ్డాక డ్రిల్ బిట్లు తప్ప ఏమీ అరగదు. అంచును పూర్తిగా సన్నబరచకండి. వంటింటి కత్తికైనా ముప్పావు మిల్లీమీటరు, వీలైతే ఒక మిల్లీమీటరు మందం ఉంచండి. అడ్డంగా ఉన్న గ్రైండర్ గీతలను నిలువుగా పేపరు పట్టి పోగొట్టండి, పదునైన మూలలను గుండ్రంగా చేయండి. చాలా పగుళ్ళు మొదలయ్యేది లోతైన ఒక గీత దగ్గరే.

ఆ తర్వాత నార్మలైజింగ్. దీన్ని ఎగ్గొట్టేవాళ్ళే ఎక్కువ. సుత్తిదెబ్బలతో, అతి వేడితో లోపల చెదిరిపోయిన రేణువును సరిచేసేది ఇదే. సిలికాన్ పట్టీ అయితే 900 దాకా తీసుకెళ్ళి గాలిలో నల్లబడేదాకా చల్లార్చండి. రెండోసారి 850 చాలు, మూడోసారి 800. మూడుసార్లూ కదలని గాలిలోనే, ఫ్యాను కింద కాదు. కత్తి వంకర తిరిగితే ఇక్కడే సరిచేసుకోండి.

ముంచేటప్పుడు ఏ స్టీల్‌కు ఎంత వేడి అంటే: 1084 రకానికి 800 నుంచి 815, సప్-9 రకానికి 830 నుంచి 845, సిలికాన్ రకానికి 870 నుంచి 890. ఆ వేడి వచ్చాక సాదా కార్బన్ స్టీల్‌ను మూడు నాలుగు నిమిషాలు, మిగతావాటిని ఏడెనిమిది నిమిషాలు అదే వేడిలో ఉంచండి. వేడి పెరగకుండా నిలబెట్టడమే కష్టం, గాలి తగ్గించండి.

ఇప్పుడు నూనె. వేరుశనగ, సన్‌ఫ్లవర్, ఆవ, ఏదైనా పర్లేదు, వంటనూనె 50, 60 డిగ్రీలకు వేడి చేసి వాడండి. చల్లటి నూనె చిక్కగా ఉండి కత్తి చుట్టూ ఆవిరి పొరను ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, వేడి నూనె పల్చబడి తొందరగా వేడిని లాగేస్తుంది. ఒక ఇనుప ముక్కను కాల్చి నూనెలో ముంచితే చాలు, నూనె వేడెక్కుతుంది. వంటింటి కత్తికి ఎనిమిది పది లీటర్లైనా ఉండాలి. అడుగు వెల్డ్ చేసిన నిలువు ఇనుప గొట్టం బాగుంటుంది, ప్లాస్టిక్ బకెట్ ఎప్పటికీ కాదు. పాత ఇంజన్ ఆయిల్ మానేయండి. దాని పొగలో లోహాల మడ్డి, కాలిన రసాయనాలు ఉంటాయి, పైగా అందులో చల్లబడటం నిదానం. కమాను పట్టీ కాస్త ఓర్చుకుంటుంది గానీ 1084 అస్సలు ఓర్చుకోదు. దానికి ముంచిన మొదటి సెకను లోపే 540 డిగ్రీల కిందికి దిగాలి, లేకపోతే మెత్తటి పెర్లైట్ తయారవుతుంది. డబ్బులుంటే ఫాస్ట్ క్వెంచింగ్ ఆయిల్ అని పరిశ్రమల కోసం అమ్మేది కొనండి, మంచిదే, కానీ కమాను పట్టీకి అది విలాసం.

కొలిమి నుంచి నూనెకు రెండడుగుల దూరం మించకూడదు. మొన కిందికి పెట్టి నిలువుగా, ఆగకుండా పూర్తిగా దించేయండి. సగం బయట ఉంటేనే మంట లేస్తుంది. లోపల పైకీ కిందికీ గానీ, అంచు వైపుకీ వీపు వైపుకీ గానీ కదపండి. పక్కలకు ఊపితే ఒక వైపు ముందు చల్లబడి కత్తి విల్లులా వంగుతుంది. పది పన్నెండు సెకన్లకు పొగ తగ్గాక తీసి చూడండి. వంకర ఉంటే చేతులకు తోలు గ్లవ్స్ వేసుకుని మెల్లగా సరిచేయడానికి ఒక నిమిషం టైమ్ ఉంటుంది. కమాను పట్టీ స్టీళ్ళలో గట్టిపడటం 250, 280 డిగ్రీల కింద మొదలై, చల్లబడే కొద్దీ పూర్తవుతుంది. ఆ కొద్దిసేపు మాట వింటుంది, చేతికి వెచ్చగా తగిలేంత చల్లబడ్డాక మాత్రం వంచితే విరుగుతుంది.

మంటల దగ్గర ఒక మాట. నూనె అంటుకుంటే మూత పెట్టండి, నీళ్ళు పోయకండి. పక్కన ఇసుక బకెట్, పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. నూలు బట్టలు వేసుకోండి. మూసిన షెడ్డులో బొగ్గులు మండించకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

చల్లారిన కత్తి మీద పాత మంచి ఆకురాయి పెట్టి చూడండి. జారాలి. కొంచెం కొరికితే వెంటనే టెన్షన్ పడకండి, పైన కార్బన్ కాలిపోయిన సన్నటి పొర ఉండొచ్చు. రెండు మూడుసార్లు రుద్ది ఆ పొర పోయాక మళ్ళీ చూడండి. అప్పటికీ కొరుకుతుంటే గట్టిపడలేదు, నార్మలైజింగ్ నుంచి మళ్ళీ మొదలు.

గట్టిపడిన కత్తిని రేపు చూద్దాంలే అని వదలకండి. ఆ స్థితిలో అది కింద పడితే గాజులా పగులుతుంది, ఒక్కోసారి లోపలి బిగువుకు రాత్రి దానంతట అదే చీలుతుంది. గంటలోపు టెంపరింగ్‌కు పెట్టాలి. మీ గ్యాస్ స్టవ్ పద్ధతిలో సమస్య ఏమిటంటే, సన్నటి అంచు ముందు వేడెక్కుతుంది, మందపాటి వీపు వెనకబడుతుంది. వీపు మీద నీలం కనబడేసరికి అంచు ఇంకా ఎక్కువ కాలి ఉంటుంది. అసలు నీలం అంటేనే 300 డిగ్రీల దగ్గర, అది స్ప్రింగులకు తగిన మెత్తదనం. వంటింటి కత్తికి కావాల్సింది లేత గడ్డి రంగు, అంటే 200 నుంచి 210. పైగా చాలా స్టీళ్ళలో 260 నుంచి 370 మధ్య టెంపర్ చేస్తే గట్టిదనమూ తగ్గి, పెళుసుదనమూ పెరిగే ఒక చెడ్డ ఉష్ణోగ్రతల పరిధి ఉంటుంది. సిలికాన్ ఎక్కువుంటే అది కాస్త పైకి జరుగుతుంది గానీ దాన్ని నమ్ముకుని అటు పోవాల్సిన పని లేదు.

ఒక సెకండ్ హ్యాండ్ ఓటీజీ ఓవెన్ కొనండి, వంటకు వాడేది వద్దు. దాని డయల్ చెప్పే అంకెను నమ్మకండి, 20, 30 డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. ట్రేలో పొడి ఇసుక పోసి, ఓవెన్ ముందే వేడెక్కించి, కత్తిని నూనె మరక లేకుండా తుడిచి ఇసుకలో పెట్టండి. పక్కనే మీ థర్మోకపుల్ మొన గుచ్చండి. 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, బయట పూర్తిగా చల్లార్చి మళ్ళీ రెండు గంటలు. 1084కి ఇలా గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి స్కేలులో 60 చుట్టుపక్కల వస్తుంది, కమాను పట్టీకి ఒకటి రెండు తక్కువ. కొబ్బరిబోండాల కత్తి, కట్టెలు నరికే కత్తి అయితే 240, 250కి పోవచ్చు. అంచును నీళ్ళ ట్రేలో నిలబెట్టి వీపును టార్చితో నీలం దాకా కాల్చితే దెబ్బ తట్టుకునే బలం ఇంకా పెరుగుతుంది.

అంచు తీసేటప్పుడు కూడా వేడి వెంటే ఉంటుంది. బెల్ట్ గ్రైండర్ మీద గ్లవ్స్ లేకుండా పట్టుకోండి, వేళ్ళకు చురుక్కుమనే లోపు నీళ్ళలో ముంచండి. అంచు మీద ఎక్కడైనా నీలం మచ్చ పడితే అక్కడ టెంపర్ పోయింది, ఆ మేరకు అరగదీసేయడమే. పదును పెట్టాక ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ మీద అంచును వాల్చి కొద్దిగా నొక్కుతూ లాగండి. అంచు కొంచెం వంగి తిరిగి వచ్చేస్తే బాగుంది. వంగినచోటే ఉండిపోతే మెత్తగా ఉంది. పెచ్చు ఊడితే పెళుసుగా ఉంది, టెంపరింగ్ ఇంకో పది పదిహేను డిగ్రీలు పెంచి మళ్ళీ పెట్టండి.

స్టెయిన్‌లెస్ గురించి కూడా అడిగారు. 440సీ లాంటివాటికి వెయ్యి డిగ్రీలు దాటిన వేడి, గాలి తగలకుండా రక్షణ, కచ్చితమైన కంట్రోల్ కావాలి. బొగ్గుల కొలిమిలో ప్రయత్నించకండి. రంధ్రాలు వేసి, అంచు మందంగా ఉంచి, హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు టూల్ రూమ్‌లకు పనిచేసే వ్యాక్యూమ్ హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళకు ఇవ్వండి. గ్రేడు పేరు, కావాల్సిన గట్టిదనం కాగితం మీద రాసి ఇవ్వాలి, నోటిమాట చాలదు.

మీ రెండు కత్తుల సంగతి: మొదటిదానికి పగులు పడింది కాబట్టి దాన్ని పరీక్ష ముక్కలుగా కోసుకోండి, అదే పట్టీ కనుక రెండోదానికి సరైన వేడి ఎంతో అదే చెబుతుంది. రెండోది బతికే ఉంది. పిడి విప్పేసి, అంచు ముప్పావు మిల్లీమీటరు మందం వచ్చేదాకా వెనక్కి అరగదీసి, మూడుసార్లు నార్మలైజ్ చేసి, పైపులో ఆ వేడికి తెచ్చి (సిలికాన్ రకమైతే 870 దాటించి) వేడి చేసిన వంటనూనెలో ముంచండి. వెడల్పు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంతే. విరిచిన ముక్కల ఫొటోలు దగ్గరగా తీసి ఇక్కడ పెడితే రేణువు చూసి చెబుతాను. ఏ ముక్క ఏ వేడిలో ముంచారో పక్కన రాయడం మర్చిపోకండి.